ఒకటి తక్కువ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. అబద్ధం. ముక్కు మీద ఉంటే తుమ్మినప్పుడైనా ఊడి కింద పడేది.

బస్సుల వర్క్‌షాపులో పనిముట్ల గది నాది. ఆ గదిలో గోడంతా నల్లరంగుతో గీతలు గీసి ఉంటాయి. ప్రతి పానాకూ దాని ఆకారంలోనే ఒక గీత, ప్రతి సుత్తికీ ఒక గీత. తీసుకెళ్లినవాడు సాయంత్రం తెచ్చి ఆ గీతలోనే తగిలించాలి. గీత ఖాళీగా ఉందంటే వస్తువు బయట ఉన్నట్టు. అది వచ్చేదాకా నేను తాళం వెయ్యను, ఎవర్నీ ఇంటికి పోనివ్వను. ఫోర్‌మెన్ అయినా సరే, నిలబడాల్సిందే. "ఏం తగ్గిందన్నా?" అని ఎవరైనా అడిగితే "నన్నడక్కు, గోడనడుగు" అంటాను. పంతొమ్మిదేళ్లలో ఒక్క పానా పోలేదు. ఈ సంగతి అడిగినవాళ్లకి చెబుతాను, అడగనివాళ్లకి ఇంకాస్త వివరంగా చెబుతాను.

మా ఆవిడ నర్సు. ఆపరేషన్ థియేటర్ కోర్సు చెయ్యాలని పెళ్లికి ముందు నుంచీ ఆవిడ కోరిక. మొదటిసారి సీటు వచ్చినప్పుడు పెద్దది కడుపులో ఉంది. రెండోసారి చిన్నది. మూడోసారి వచ్చిన ఉత్తరాన్ని మడిచి పంచదార డబ్బా కింద పెట్టేసి నాకు చెప్పనే లేదు. టీ పెట్టుకోబోయి నేనే చూశాను.

"వెళ్లు" అన్నాను.

"నాలుగు నెలలండీ, వేరే ఊరు! మీకు స్టవ్వు వెలిగించడం తప్ప ఏమొచ్చు?"

"అది వస్తే సగం వంట వచ్చినట్టే."

ఆవిడ నవ్వలేదు. "సరే, వెళతాను. కానీ ఇంట్లో పిల్లలు ఇబ్బంది పడుతున్నారని నా చెవిన పడిందంటే మాత్రం పరీక్షా లేదు గిరీక్షా లేదు. మర్నాడే బస్సెక్కేస్తాను" అంది. అన్నంత పనీ చేసే మనిషి. అందుకే ఆవిడ పరీక్ష రాసేదాకా ఈ ఇంటి నుంచి ఒక్క ఫిర్యాదు కూడా వెళ్లకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను.

మొదటి వారం మా ఇంటిని పగవాడికి కూడా చూపించకూడదు. గరిటె కోసం వెతుకుతుంటే కూర మాడింది. మాడిన గిన్నె తోముతుంటే స్కూలు బస్సు వెళ్లిపోయింది. నీళ్ల సీసా మూత బూటులో దొరికింది, రెండో బూటు మాత్రం దొరకలేదు. పిల్లలిద్దరూ ఇల్లు పీకి పందిరి వేశారు. పెద్దదానికి పదేళ్లు. ఎదురు ప్రశ్న వెయ్యకుండా మంచినీళ్లు కూడా తాగదు కాబట్టి ఇంట్లో అందరం లాయరు అంటాం. చిన్నదానికి ఐదు. బొద్దుగా దొర్లుతూ నడుస్తుంది, అది బుడంకాయ.

"నాన్నా, నీ గదిలో పంతొమ్మిదేళ్లుగా ఏదీ పోలేదంటావుగా?" అంది లాయరు, మాడిన కూర వైపు చూస్తూ. "మరి మనింట్లో గరిటె రోజూ ఎందుకు పోతోంది?"

అడిగిన తీరుకి ఒళ్లు మండింది గానీ, మాట సరైనదే.

ఆ ఆదివారం వంటింట్లో ఉన్నవన్నీ తెచ్చి నేల మీద పరిచాను. మా ఆవిడ కొట్టుకున్న మేకులు, ఒకటీ అరా తప్ప, నా ఛాతీ దాకా కూడా రావు. ప్రతిదానికీ వంగలేక నడుం పట్టేసేది. వాటిని పీకేసి, నా చేతికి అందేటంత ఎత్తున కొత్తవి కొట్టాను. పాత రంధ్రాలు తర్వాత పూడుద్దామనుకున్నాను, ఆ తర్వాత ఎప్పుడో మీరే ఊహించుకోండి. గరిటెలు, మూకుడు, కత్తెర, కూరల చాకు, మూతలు, తాళంచెవులు, ఒక్కొక్కటే గోడకి తగిలించి, చుట్టూ నల్ల మార్కరుతో గీత గీశాను. టిఫిన్ డబ్బాలకి అలమరలో, బూట్లకి గుమ్మం దగ్గర నేల మీద. మొత్తం ముప్పైనాలుగు.

వంట కూడా అలాగే దారిలో పడింది. ఆదివారం కూర్చుని ఐదు రోజులకి సరిపడా కూరలు తరిగి, ఏ రోజువి ఆ రోజు డబ్బాలో. రాత్రే గుడ్లు ఉడికించడం, సీసాలు నింపడం. చిక్కుళ్లు తుంచడం లాయరు పని. తుంచుతూ వాదిస్తుంది, వాదిస్తూ తుంచుతుంది, ఎలాగోలా పనవుతుంది. బుడంకాయ మాత్రం ఇన్‌స్పెక్టరు. భోజనాలయ్యాక చేతులు వెనక్కి కట్టుకుని గోడ పొడుగునా నడిచి, తల పైకెత్తి ఒక్కో గీతా చూసి, "అన్నీ వచ్చేశాయి!" అని అరవాలి. అప్పుడే నేను వంటింటి లైటు తీసేది.

సాయంత్రం ఏడింటికి మా ఆవిడ ఫోను. "ఎలా ఉన్నారండీ?" "బ్రహ్మాండం!" మూడు నెలల పైన అదే ప్రశ్న, అదే జవాబు. సగం రోజులు నిజమే చెప్పాను.

పరీక్ష ఇంక వారంలోకి వచ్చింది. ఆదివారం భోజనాలయ్యాక బుడంకాయ గోడంతా తనిఖీ చేసి వచ్చి, "ఒకటి తక్కువ" అంది.

చూశాను. గరిటె ఉంది, కత్తెర ఉంది, అన్నీ ఉన్నాయి. "ఏదే తక్కువ?"

"గోడనడుగు."

నా మాట నాకే అప్పజెప్పింది. నవ్వి ఊరుకున్నాను. సోమవారం మళ్లీ అదే, ఒకటి తక్కువ. మంగళవారమూ అంతే. ముప్పైనాలుగూ రెండుసార్లు లెక్కపెట్టాను. నా గోడ మీద నాకు తెలియకుండా ఒకటి తగ్గడమేమిటి! తల ప్రాణం తోకకొచ్చింది. లాయరుని అడిగితే, "నేను సాక్షిని కాదు" అని పుస్తకంలో తల దూర్చింది.

బుధవారం సాయంత్రం వర్క్‌షాపు నుంచి వస్తూనే వంటిల్లంతా గాలించాను. అలమరలు జరిపాను. చీపురు కోసం వంటింటి తలుపు లాగానో లేదో, దాని వెనక గోడ కనిపించింది. ఆ తలుపు ఎప్పుడూ గోడకి ఆనించే ఉంటుంది, నేను మూసి ఎరగను. గోడ మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో ఇంతేసి గీతలు. పైన ఒక సొరకాయ, కింద ఒక బాన, దానికి రెండు కర్రలు. పోయినేడే రెండు పూతల రంగు వేయించిన గోడ!

కోపం వచ్చాక నాకు కళ్లు పనిచెయ్యవు. "ఎవరే ఈ పిచ్చిగీతలు గీసింది?" అని అరిచి, తడిగుడ్డ తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను.

బుడంకాయ పరిగెత్తుకుంటూ వచ్చింది. "తుడవద్దు నాన్నా! వద్దు, వద్దు!"

"గోడలున్నది గీతలు గీయడానికా?"

"నీవే ముప్పైనాలుగున్నాయి నాన్నా" అంది లాయరు వెనక నుంచి.

"నువ్వు నోర్ముయ్!"

రెండు నిమిషాల్లో గోడ మీద గులాబీరంగు మరక తప్ప ఏమీ మిగల్లేదు. బుడంకాయ ఏడుపంటే వీధి చివరి దాకా వినబడాలి. ఆరోజు చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది. తలుపు పక్కన కూలబడి మోకాళ్లలో తల పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఏడయింది, ఫోను మోగింది. నేను చెయ్యి తుడుచుకునేలోపే అది లేచి ఎత్తేసింది.

"అమ్మా, ఇంక నువ్వు రావడానికి చోటు లేదు. నాన్న తుడిచేశాడు."

చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. సొరకాయ తల. బాన గౌను. కర్రలు కాళ్లు. గీత ఖాళీగా ఉంటే ఆ వస్తువు తిరిగొచ్చి తీరాలని రోజూ నేర్పింది నేనే కదా. పిచ్చితల్లి, అమ్మ కోసం ఒక గీత గీసుకుంది. పెద్ద గాడిదని నేను, ఆ గీతని నా చేత్తోనే తుడిచేశాను.

ఫోను నా చేతికొచ్చింది. "ఏమైందండీ? పిల్ల గొంతు అలా ఉందేంటి? నిజం చెప్పండి. నేను పొద్దున్నే బయల్దేరుతున్నాను."

పరీక్ష ఎల్లుండి. పన్నెండేళ్లుగా ఎదురుచూసిన పరీక్ష. బ్రహ్మాండం అనేద్దామని నోటి చివరిదాకా వచ్చింది. అనలేకపోయాను. జరిగిందంతా చెప్పాను, నోర్ముయ్యమన్న మాటతో సహా.

"సంచి సర్దుకుంటున్నాను" అంది, గొంతు పెంచకుండా. అది అరవడం కంటే ఘోరం.

"చూడు," అన్నాను. "నువ్వు రెండుసార్లు పిల్లల కోసం మానుకున్నావు. మూడోసారి నా కోపం వల్ల మానుకున్నావంటే ఆ బరువు నేను మొయ్యలేను. రేపు ఏడింటిదాకా ఆగు. అప్పటికీ పిల్ల ఇలాగే ఉంటే నేనే వచ్చి నిన్ను తీసుకొస్తాను."

"రేపు ఏడు. ఆ తర్వాత ఒక్క నిమిషం ఆగను" అంది.

బుడంకాయ ఆ పూట ముద్ద ముట్టలేదు. పక్కన కూర్చుని, "తప్పు నాదే అమ్మలూ. అమ్మ గీత నేను గీసిస్తాను" అన్నాను. "అయినా తలుపు వెనక ఎందుకు గీశావే? నాకు కనపడలేదు కదా!"

"నీకు కనపడకూడదనే. కోప్పడతావని."

నా పిల్ల తన తల్లి బొమ్మని నాకు భయపడి దాచుకుంది. ఎవరైనా చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

మర్నాడు మధ్యాహ్నానికే తాళాలు ఫోర్‌మెన్ చేతిలో పెట్టి సెలవు అడిగాను. "ఒంట్లో బాగాలేదా?" అన్నాడాయన, నా నుదుటి మీద చెయ్యి పెట్టబోతూ. "బుర్రలో బాగాలేదు" అని వచ్చేశాను.

స్కూలు నుంచి వచ్చిన పిల్లలిద్దరినీ స్టవ్వు పక్కన, అందరికీ కనిపించే గోడ ముందు నిలబెట్టాను. మార్కరు మూత తీశాను. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కళ్లు మూసుకుని పట్టుకున్నా పానా పదిహేడో నంబరో పంతొమ్మిదో నంబరో చెప్పేవాణ్ణి నేను. నా పెళ్లాం నా గుండెదాకా వస్తుందో భుజందాకా వస్తుందో నాకు తెలియలేదు.

"ఫోన్ చేసి అడుగు" అంది లాయరు.

"నోరు... నోరు మంచిదే నీది, కానీ అది అడగడానికి నాకు మొహం చెల్లదు."

అప్పుడు బుడంకాయ గోడకి దగ్గరగా వెళ్లి ఒక రంధ్రంలో వేలు పెట్టింది. "ఇక్కడ అమ్మ గరిటె ఉండేది" అంది.

పాత మేకుల రంధ్రాలు! నా మేకులకి చాలా కింద, ఒక వరుసలో ఉన్నాయి. పొయ్యి మీంచి చూపు తిప్పకుండా ఆవిడ చెయ్యి చాస్తే గరిటె అందేది, అది భుజం ఎత్తు. ఉప్పు డబ్బా పెట్టే అలమర అంచు మీద ఆవిడ చెయ్యి ఆనిన గుర్తు, అది మోచెయ్యి ఎత్తు. అన్నింటికన్నా పైన ఉన్నది పెద్ద మూకుడు మేకు. దానికోసం మునివేళ్ల మీద లేచి "అబ్బా" అనేది. ఆ "అబ్బా" ఇద్దరూ ఒకేసారి అని చూపించారు. గుమ్మం చెక్క మీద ఒకచోట నున్నగా అరిగి ఉంది. మాతో మాట్లాడుతూ ఆవిడ తల ఆనించేది అక్కడే. లాయరు స్కేలు తెచ్చింది. ఒక్కో గుర్తూ కొలిచి గోడ మీద చుక్కలు పెట్టాం. ఇంట్లో వదిలి వెళ్లిన చెప్పుల చుట్టూ గీస్తే నేల మీద పాదాలు వచ్చాయి. జుట్టు ముడి మాత్రం బుడంకాయ నా చంకెక్కి తనే గీసింది. గీత పూర్తయ్యాక చూస్తే ఆవిడ తల సరిగ్గా నా గడ్డం కిందకి వచ్చింది.

అప్పుడు తల పైకెత్తి నా మేకులు చూశాను. అన్నీ ఆ గీత తలకి పైనే ఉన్నాయి. ఆవిడ తిరిగొస్తే తన వంటింట్లో మునివేళ్ల మీద లేస్తే తప్ప తనకి ఒక్క గరిటె అందదు. రమ్మంటూ ఒక చోటు గీసి, చెయ్యి చాస్తే ఏమీ దొరక్కుండా చేశానన్నమాట. సుత్తి తెచ్చాను. నా మేకులన్నీ పీకి, పాత రంధ్రాల్లో మళ్లీ కొట్టి, చుట్టూ గీతలు కొత్తగా గీశాను. వంగేది నా నడుమేగా, వంగనీ.

ఏడింటికి ఫోను మొదటి గంటకే బుడంకాయ అందుకుంది. "అమ్మా! నీకు చోటుంది. స్టవ్వు పక్కన. కాళ్లు కూడా ఉన్నాయి. నువ్వు పరీక్ష రాసుకునే రా, గీత ఎక్కడికీ పోదు. నాన్న దాన్ని తుడవడు."

"ఏవండీ," అంది ఆవిడ, ఫోను నాకిచ్చాక. "రంగు వేయించిన గోడ మీద మీరు గీశారా?"

"గీశాను."

ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "అయితే రాస్తాను" అంది.

శనివారం సాయంత్రం వచ్చింది. చేతిలో సంచి కూడా దించనివ్వకుండా బుడంకాయ వంటింట్లోకి లాక్కెళ్లి, పాదాలు గీతల్లో పెట్టించి, వెనక్కి ఆనుకోమంది. భుజాలు సరిపోయాయి. తల సరిపోయింది. ఆవిడ పక్కలు చూసుకుని, "ఇంత లావుగా ఉన్నానా నేను?" అంది.

"వర్క్‌షాపులో గీత కాస్త వదులుగానే గీస్తాం. తియ్యడానికి సులువుగా ఉంటుందని."

"నన్నెవరు తీస్తారండీ ఇప్పుడు?" అని నవ్వుతూ, అలవాటు కొద్దీ చూడకుండానే పక్కకి చెయ్యి చాచింది. గరిటె చేతికి వచ్చింది. నవ్వు ఆపేసి గరిటె వైపు చూసింది, మేకు వైపు చూసింది, తర్వాత నా వైపు. "పరీక్ష బాగా రాశానండీ" అని మాత్రం అంది.

భోజనాలయ్యాక ఇన్‌స్పెక్టరు చేతులు వెనక్కి కట్టుకుని బయల్దేరింది. అమ్మని మళ్లీ గీతలో నిలబెట్టి, గోడ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. అందరికన్నా చివర అమ్మ ముందు ఆగి, కింద నుంచి పైదాకా చూసింది.

"అన్నీ వచ్చేశాయి!" అని వీధంతా వినపడేలా అరిచింది.

నేను ఒక్క అంగలో వెళ్లి లైటు తీసేశాను. "ఇంకా గిన్నెలు తోమలేదు నాన్నా, ఎందుకు తీశావు?" అంది లాయరు చీకట్లో. ఎందుకేమిటి, నాకు ఏడుపొచ్చింది.