చిన్న స్పీకర్ల స్తంభం

“ఈ బల్ల మీద అన్నం తినాలా, వైర్లు తినాలా?” అన్నాడు భర్త. ఆమె వైర్లన్నీ పక్కకు జరిపి కంచం పెట్టింది. అతను తిని లేచాక బల్ల తుడిచి మళ్లీ పరుచుకుంది.

ఆమె టీవీలు బాగుచేసే సెంటర్లో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. ఇక బాగుపడవని మూలన పడేసిన టీవీల్లోంచి అరచేతిలో ఇమిడే స్పీకర్లు ఓనర్‌ని అడిగి తెచ్చుకుంది. ఒక్కోదానిదీ పిట్టంత గొంతు. అన్నిటినీ నిలువుగా ఒకే పెట్టెలో బిగిస్తే హాల్లో ఏ మూల కూర్చున్నా పాట ఒకేలా వినిపిస్తుందని మెకానిక్ చెప్పిన దగ్గర్నుంచి ఆమెకు అదే ధ్యాస. కూర కలుపుతున్నా, రసీదు రాస్తున్నా, ఏ వైరు ఎక్కడికి వెళ్లాలో మనసులో గీసుకునేది. పెళ్లయ్యాక తనకు నచ్చిన దాని గురించి ఇంతసేపు ఆలోచించిన గుర్తు లేదు. ఈ ఇంట్లో ఆలోచనంటే రేపటి కూర, పిల్ల యూనిఫాం, అత్తయ్య మందులు. వైర్లకు టంకం పెడుతూ వేలు కాల్చుకుంటే అంట్లెవరు తోముతారని అత్తయ్య అడిగింది. ఒకసారి నిజంగానే కాలింది. ఆ వేలితోనే తోమింది, ఎవరికీ చెప్పలేదు.

పెట్టె బిగించి మొదటిసారి పెడితే పాట నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. భర్త “నే చెప్పానా” అని నవ్వి టీవీ పెట్టుకున్నాడు. ఆమె వెనక చెక్క విప్పి, ఒక్కో స్పీకరుకూ చిన్న బ్యాటరీ తాకించి చూసింది. అన్నిటి మధ్యలోని కాగితపు గిన్నె ముందుకు కదిలితే, రెండిటిది మాత్రం వెనక్కి పోయింది. ఆ రెండిటికీ ముందు తనే వైర్లు తారుమారుగా కలిపింది. సరిచేసి మళ్లీ పెట్టేసరికి అత్తయ్య గదిలోంచి వచ్చి, పాట అయ్యేదాకా నిలబడే వింది.

ఆదివారం భర్త స్నేహితులు వచ్చారు. “కొన్నది కాదు, మనం చేసిందే” అని అతను పెట్టె మీద చెయ్యేసి చెప్పడం ఆమె వంటింట్లో పాలు పొయ్యి మీద పెడుతూ వింది. ఇన్ని స్పీకర్లు తగిలిస్తే ఆంప్లిఫయర్ కాలిపోదా, ఎలా కలిపావని ఒకాయన అడిగాడు. భర్త గొంతు వంటింటి వైపు తిరిగింది.

“ఏమోయ్, టీ తెస్తూ ఆ వైర్ల సంగతి కాస్త చెప్పు” అన్నాడు భర్త.

ఆమె ఉత్త చేతులతో వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుంది.

“చెప్పడానికి టైం పడుతుంది. పాలు పొయ్యి మీదున్నాయి, టీ మీరు పెట్టండి.”

అతను హాల్లోనే కూర్చున్న తల్లి వైపు చూశాడు. అత్తయ్య కదల్లేదు.

“వెళ్లరా, పొంగిపోతాయి” అంది.

అతను లేచాడు. ఆమె, వైర్ల గురించి అడిగినాయన వైపు తిరిగింది.

“ఇది మొత్తం నేనే చేశానండీ” అని మొదలుపెట్టింది.