పై అంతస్తు పన్ను

ఆయనకి 'పార్కు పెద్దాయన' అన్న పేరు ఊరికే రాలేదు. నడిబజారులో సినిమాహాలు, దాని పక్కన పార్కింగు కడతామని మున్సిపాలిటీ వాళ్ళు తొలిసారి మీటింగు పెట్టినప్పుడు, వెనక వరసలో కూర్చున్న ఈ సైకిళ్ళు బాగుచేసే మనిషికి 'పార్కు' వరకే వినపడింది. చెట్లూ బెంచీలూ వస్తాయి కాబోలనుకుని అందరికంటే ముందు చెయ్యెత్తాడు. తీరా లేచింది అయిదంతస్తుల సిమెంటు దిబ్బ. అప్పటినుంచి పిల్లా పెద్దా అదే పేరుతో పిలిచారు. ఆయన మున్సిపాలిటీని క్షమించలేదు. పిలిచినవాళ్ళనీ క్షమించలేదు.

భార్య పోయాక ఆయన నోట మంచిమాట కరువైంది. ఇక ప్రతి మీటింగుకీ వెళ్ళాడు. మున్సిపాలిటీ అప్పు తెచ్చి ఆ కట్టడం లేపి, సినిమాహాలుని ఒక కంపెనీకి అప్పగించింది. "అప్పు మాదీ, ఆట కంపెనీవాడిదీనా?" అని అరిచాడు. ఇంటిపన్ను పెంచినప్పుడు ఇంకా అరిచాడు. ఆ కట్టడం కోసం పడగొట్టిన కొట్లలో ఒకటి ఆయన స్నేహితుడైన టైలరుది. అతను ఊరి చివరికి పోయి ఈగలు తోలుకుంటున్నాడు. దాని గురించీ అరిచాడు. అరిచిన వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు.

అయితే పార్కింగు తెరిచాక, బజారులో అడ్డదిడ్డంగా నిలబెట్టే బళ్ళన్నీ లోపలికి పోయాయి. వీధి బయటపడింది.

ఇంట్లో ఆయనతో పాటు ఉండేది అక్క ఒక్కతే. పక్షవాతంతో ఆవిడ కాళ్ళు పడిపోయాయి. చక్రాల కుర్చీ ఉన్నా, గడప దాటితే బళ్ళ మధ్య ఇరుక్కునేది. ఎదురింటి గోడ చూస్తూ ఆవిడ రోజులు వెళ్ళదీసింది. వీధి ఖాళీ అయ్యాక ఒక సాయంత్రం తమ్ముడు ఆవిడని బయటికి తోసుకొచ్చాడు.

"ఒరే, నువ్వు రోజూ శాపనార్థాలు పెట్టేది దీనికేనా? మెట్లు లేవేంట్రా?"

"కార్లు మెట్లెక్కవు కదక్కా. అందుకే ర్యాంపు."

"నాకూ చక్రాలే కదరా. పద, ఎక్కించు."

మలుపు మలుపుకీ ఆగి ఆయాసం తీర్చుకుంటూ పై అంతస్తు దాకా తోశాడు. అంత పైకి కార్లు రావు. చల్లగాలి మొహానికి కొట్టింది. ఊరంతా కింద పరుచుకుని ఉంది. ఆవిడ కళ్ళతో తమ ఇల్లు వెతుక్కుంది. తర్వాత వేలు చూపించి, "మన డాబా మీద ఆ పాత టైర్లేంట్రా? ఇన్నాళ్ళూ చెత్తకుప్ప కింద పడుకోబెట్టావా నన్ను?" అంది.

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వడం మర్చిపోయిన గొంతు దగ్గుతో కలిసి వింతగా మోగింది.

ఇక రోజూ సాయంత్రం అదే పని. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చంటిపిల్లల తల్లులు కూడా మెల్లగా పైకి రావడం అలవాటు చేసుకున్నారు. ఆయన మాత్రం కిందికి దిగాక మామూలుగానే తిట్టేవాడు.

అంతలో కబురొచ్చింది. పై అంతస్తుని హోటలు కోసం సినిమా కంపెనీకి అద్దెకిస్తారట. ఆ అద్దెతో అప్పు తీరుతుంది, పన్ను తగ్గుతుంది. ఊరు సంబరపడింది. ఆయన మీటింగుకి వెళ్ళాడు.

"రండి పెద్దాయనా," అన్నాడు చైర్మన్. "మీరడిగినట్టే పన్ను తగ్గిస్తున్నాం. ఇవాళైనా తిట్టకండి."

"తగ్గించొద్దు."

"మళ్ళీ సరిగ్గా వినపడలేదు కాబోలు!" అన్నారెవరో. హాలంతా గొల్లుమంది.

"బాగానే వినపడింది. పైన హోటలు పెడితే మా అక్క మళ్ళీ గోడ చూస్తూ కూర్చోవాలి. మీరు చేసిన తప్పులు చచ్చేదాకా మర్చిపోను. కానీ ఆ ర్యాంపు మంచిది. మా అక్కకి ఊరు చూపించింది. దానికి పెంచిన పన్నే కడతా."

కిరాణా కొట్టు ఆవిడ లేచింది. "మీకు అక్కుంది, కడతారు. మేమెందుకు కట్టాలి బాబాయ్?"

"నిన్న మూడో మలుపులో చతికిలబడి మోకాళ్ళు పట్టుకున్నదెవరమ్మా?"

"గాలి కోసం వచ్చాలే."

"ఆ గాలికే పన్ను."

ఆవిడ నవ్వాపుకోలేక చెయ్యెత్తింది. "మీ నోటికో దణ్ణం. ఉంచండి బాబూ, పై అంతస్తు అలాగే ఉంచండి." వెనక ఒకటొకటిగా చేతులు లేచాయి. చైర్మన్ లెక్కపెట్టుకుని, హోటలుకి కిందనున్న ఖాళీ గదులిద్దామన్నాడు. అద్దె తక్కువొస్తుంది, పన్ను కాస్తే తగ్గుతుంది. అందరూ సరేనన్నారు.

ఆయన నిలబడే ఉన్నాడు. చైర్మన్‌కి రెండు చేతులూ జోడించి, గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు.

ఇంట్లో అక్క అంతా విని మూతి ముడిచింది. "నన్నూ తీసుకెళ్ళుంటే నేనూ చెయ్యెత్తేదాన్ని కదరా."

"ఆ మీటింగు హాలుకి ఎక్కడానికి మెట్లే ఉన్నాయక్కా."

"మరి దాని గురించి అరవలేదేం?"

"ఇవాళ దణ్ణం పెట్టొచ్చాను. ఒకేరోజు రెండూ ఎలాగే?"