రేల పూత లెక్క

గుట్ట మీద మేమిద్దరం నడుస్తున్నాం, కానీ గుట్ట ఒక చోట నిలవడం లేదు, ఎక్కేకొద్దీ మెల్లగా వెనక్కి జరుగుతోంది, ఎడమ పక్క మోదుగులు ఎర్రగా పూసి ఫాల్గుణంలో ఉంటే కుడి పక్క సీతాఫలాలు కళ్లు విచ్చి ఇంకా కార్తీకంలోనే ఆగిపోయాయి, ఆ రెండు కాలాల నడుమ కాలిబాటలో నా చిన్ననాటి స్నేహితుడు లింబాద్రి నా భుజం పట్టుకుని వస్తున్నాడు. మొన్న మార్గశిరంలో పోయాడని నాకు తెలుసు, అయినా చెయ్యి వెచ్చగానే ఉంది.

"పోశిగా, రేల పూసిందారా?"

బతికుండగా కూడా ఏటా ఇదే అడిగేవాడు. గుట్ట వెనక, మేమిద్దరం తప్ప ఎవరూ పోని చోట, ఒక్క రేలచెట్టు ఉండేది. అది తొలిపూత పూసిన రోజు నుంచి నలభై ఐదు రోజులు లెక్కపెట్టి వాన ఎప్పుడొస్తుందో చెప్పేవాడు, ఊరు ఆ మాట విని విత్తనం బయటికి తీసేది. కళ్లు పోయాక చెట్టును చూసొచ్చే పని నాకు అప్పజెప్పాడు.

నేను అనుకోకుండానే నా నోరు మొదలుపెడుతుంది. "పూసుడా! తేనెటీగలు రేషన్ దుకాణం కాడ నిలవడ్డట్టు లైను కట్టినయ్. పొద్దు అచ్చి గా పసుపు జూసి, ఇగ నాతోని ఏం పని అని మబ్బులల్ల పండుకున్నది."

"నీ నోట్ల మన్ను వడ, ఇంక మారవైతివి," అని నవ్వుతాడు, ఆ నవ్వుకు గుట్ట కూడా కొంచెం వంగుతుంది, అంతలోనే ఆగిపోతాడు. "మల్ల నా లెక్కెందుకు తప్పిందిరా? మూడేండ్లు! నేను జెప్పిన నాడు వాన రాలే. నన్ను నమ్మినోళ్లు విత్తనాలు ఉడుకు మన్నుల వోసుకున్నరు. ఆఖరికి నా గడపకు ఎవ్వడు రాలే. ముసలోనికి మతి వోయిందన్నరు. నేను గూడ గదే అనుకున్న. అనుకుంటనే పోయిన."

ఎటూ మళ్లకుండానే బాట మా పశువుల కొట్టంలోకి వచ్చేసింది, లింబాద్రి చెయ్యెత్తి పైనున్న దూలాన్ని తడుముతున్నాడు, బెరడు తడిమి చెట్టు పేరు చెప్పేవాడే, అలాగే తడుముతున్నాడు.

"చెట్టు లేదురా," అంటాను. "నీ కండ్లు వోయిన ఏడే నరికిన. కొట్టానికి దూలం గావాల్సుండె. నీకు కనవడది గదా అనుకున్న. నోటికచ్చిన దినం జెప్పి పూసిందన్న."

తిడతాడని చూస్తున్నాను. వాడి ఒక్కో తిట్టుకూ ఒక్కో జవాబు దినవారాల నాటి నుంచీ సిద్ధం చేసుకున్నవాణ్ణి. వాడు తిట్టడు. ముఖం పసివాడిలా విప్పారుతుంది.

"అంటే నా మతి మంచిగనే ఉండెనా?"

"ఉండెరా."

"లెక్క?"

"లెక్క గూడ."

"గీ ఒక్క ముచ్చట నేనుండంగ జెప్పకపోతివి," అంటాడు, కోపం లేకుండా, అదే భరించలేకుండా ఉంది. "ఊరు నవ్వితే నవ్వనీ. నన్ను నేనే నమ్మకుంట జేస్తివి గదరా."

భుజం మీది చెయ్యి లేస్తుంది. పట్టుకుందామంటే పైనుంచి పసుపుపచ్చగా రేకులు రాలుతున్నాయి, కళ్లలో, నోట్లో నిండిపోతున్నాయి, వాడి పేరు పైకి రావడం లేదు.

ఉమ్ముకుంటూ లేచాను. ఎండ నడినెత్తిన ఉంది. కొట్టంలో నులకమంచం, పక్కన బర్రె నెమరు వేస్తూ నన్నే చూస్తోంది. పెదాల మీద, రెప్పల మీద సన్నటి పసుపుపచ్చ పొడి. తలెత్తి చూస్తే దూలం నిండా ఆవగింజంత బెజ్జాలు, వాటిలోంచి పొడి నిదానంగా రాలుతోంది. లోపల పురుగు తొలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఎక్కించి నాలుగేళ్లయినా కాలేదు.