మూరకర్ర

తుక్కు యార్డు శుభ్రం చేసే పని బావ చేతికి వచ్చిందని తెలిసిన రోజున ఆమె పడీ పడీ నవ్వింది. దొంగ చేతికి తాళాలివ్వడం అనేది మాట వరసకు చెప్పుకునే సామెత అనుకుందిగాని, ఆఫీసువాళ్ళు ముద్ర వేసి మరీ ఇస్తారని అనుకోలేదు. ముప్పై ఏళ్ళపాటు ఆ తుక్కు యార్డులో పాత బ్యాటరీలు పగలగొట్టించి, సీసం పలకలు బయటికి అమ్మించి, లోపలి ఆసిడ్ నీళ్ళను కాళ్ళకింద నేలమీదే పారబోయించిన మేనేజరు బావే. ఇప్పుడు అదే నేలలోంచి సీసం మట్టి తవ్వి తీసే కాంట్రాక్టరూ బావే.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు మరదలా," అనేవాడు పొట్ట నిమురుకుంటూ. "అందరూ అలా అనుకుంటే కడిగేవాడి బతుకేం కాను?"

తన జోకుకు తనే ముందు నవ్వడం ఆయనకున్న అనేక జబ్బుల్లో ఒకటి. మేస్త్రి కూడా నవ్వేవాడు, కూలి ఇచ్చే మనిషి జోకు కాబట్టి.

ఆమె మట్టి పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తుంది. వారానికోసారి యార్డుకు వెళ్ళి, తవ్వినచోట పరీక్షించి, పుస్తకంలో సంతకం పెట్టాలి. కాంట్రాక్టరు నీకేమవుతాడని ల్యాబువాళ్ళు అడగలేదు, అక్క మొగుడని ఆమె చెప్పలేదు. చెబితే ఈ పని ఇంకొకరికి పోతుంది, ఆ ఇంకొకరిని బావ బుట్టలో వేసుకుంటాడు, తనైతే ఆయన ఆటలు సాగనివ్వదు. అదీ ఆమె లెక్క. బావంటే ఆమెకు ఎంత చులకనో, తన తెలివంటే అంత గురి.

యార్డు నిండా తాళ్ళు కట్టి చదరపు గళ్ళు చేశారు. ప్రతి గడినీ నలభై అయిదు సెంటీమీటర్ల లోతున తవ్వాలి. ఆ మట్టిని మూసిన లారీల్లో దూరంగా ఉన్న గోతికి పంపాలి. పైన మంచి మట్టి పోసి చదును చేశాక, పక్క బడి పిల్లలకు ఆటస్థలం అవుతుంది. సీసానికి వాసన లేదు, కంటికి కనబడదు. పిల్లల ఒంట్లోకి పోయిందంటే ముందు కడుపును పట్టుకుంటుంది, తర్వాత బుర్రను. ఆ మాట ఆమె మొదటిరోజే బావకు చెప్పింది.

"సీసమంటే నాకు తెలిసింది పద్యమే," అన్నాడాయన. "బళ్ళో మా పంతులు చెవి మెలేసి చదివించేవాడు. సీసం అయ్యాక కింద ఎత్తుగీతి చదవాలి. నువ్వు పెట్టే సంతకమే నా ఎత్తుగీతి."

నలభై అయిదు సెంటీమీటర్లంటే కూలీలకు ఎక్కదని ఆయన ఒక కర్ర చేయించాడు. సరిగ్గా మూరెడు. బెత్తెడుకొకటి చొప్పున ఎరుపూ తెలుపూ మార్చి మార్చి ఆరు పట్టీలు వేయించాడు. దాన్ని గోతిలో నిలబెట్టి, కర్ర తల నేలతో సమానంగా వస్తే లోతు సరిపోయినట్టు. అందరూ మూరకర్ర అనేవారు. మొదటిరోజు ఆమె తన ఉక్కు టేపు పెట్టి కొలిచింది, వెంట్రుకవాసి తేడా లేదు. ఈయన కూడా జీవితంలో ఒక్కపని సరిగ్గా చేశాడే అనుకుంది. మళ్ళీ కొలవలేదు. మట్టిని పరికరంతో పరీక్షించేది పదింటికొక గడిలోనే. మిగతా తొమ్మిదింటికీ లోతు చూస్తే చాలని రూలు. తాళ్ళ అవతల నిలబడి, మేస్త్రి గోతిలో దిగి కర్ర నిలబెట్టి "సరిపోయిందమ్మా" అంటుంటే ఆమె పుస్తకంలో టిక్కులు పెట్టుకుంటూ పోయింది.

ఇది నాలుగో వారం, ఆఖరి వారం. పొద్దున్నే బావ యార్డులో తయారుగా ఉన్నాడు. గేటు దగ్గర డేరా, కుళాయి, సబ్బు, విడిచిన బూట్లు పెట్టే అరలు ఉన్నాయి. బయటికి వెళ్ళే ప్రతివాడూ బూట్లు విప్పి, కాళ్ళూ చేతులూ కడుక్కుని వెళ్ళాలి. కూలీలు కడుక్కునేవారు. ఆయన మాత్రం అవే బూట్లతో స్కూటరెక్కేవాడు.

"నా ఒంట్లో ఇప్పటికే సగం సీసం," అన్నాడు ఆమె చూపు చూసి. "ముప్పై ఏళ్ళు ఈ మట్టే పీల్చా. గుండ్రాయిలా లేనూ?"

"రాయిలానే ఉన్నావు బావా," అంది ఆమె. మేస్త్రి దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

ఆఖరి గళ్ళలో పరీక్షకు తీయించిన గడి శుభ్రంగా వచ్చింది. ఎప్పుడూ అలాగే వచ్చేది, ఎందుకంటే ఆ పదో గడి ఏదో ముందే చెప్పాలన్నది కూడా రూలే. మిగతా వాటిలో మేస్త్రి కర్ర దించాడు, తల నేలతో సమంగా వచ్చింది, ఆమె టిక్కు పెట్టింది. ఒక గోతి అడుగున మట్టి బూడిదరంగులో ఉన్నట్టు అనిపించింది. మబ్బు పట్టిందేమో అనుకుంది.

"సంతకం ఇంటి దగ్గర పెడుదువుగాని," అన్నాడు బావ. "మంచి మట్టి లారీలు సాయంత్రానికి వస్తాయి. అక్క భోజనానికి తీసుకురమ్మంది. పిచ్చుకకి మళ్ళీ కడుపునొప్పట, నిన్నే కలవరిస్తోంది."

పిచ్చుక ఆయన కూతురు. అయిదేళ్ళు. పీలగా ఉంటుందని ఆ పేరు పెట్టింది ఆమే. బావ మొహం చూసినా, జోకులు భరించినా, అన్నీ ఆ పిల్ల కోసమే. ఈమధ్య పిల్ల తిండి సరిగ్గా తినడం లేదు, ఊరికే చిరాకుపడుతోంది, బొడ్డు దగ్గర నొప్పని ముడుచుకుని పడుకుంటోంది. నులిపురుగులని అక్క మందు పోసింది. తగ్గలేదు.

బావ ఇల్లు చూస్తే యార్డు సగం అక్కడే ఉందనిపిస్తుంది. ఆయన ఇంట్లో కొన్నవాటికన్నా ఏరుకొచ్చినవే ఎక్కువ. స్నానాలగదిలో బస్సు అద్దం. హాల్లో దీపానికి లారీ హెడ్‌లైటు. గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టగా ఏదో మిషను కింద పరిచిన రబ్బరు. ఏ వస్తువునైనా పారేయడం ఆయనకు ప్రాణం పోయినంత పని. పిసినారితనానికి పొదుపని పేరు పెట్టుకుని, దాన్ని అందరికీ పాఠం చెప్పేవాడు. అక్క ఆ పాఠం నమ్మేది. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన్ను "మీరు" అనే తప్ప పిలిచి ఎరగదు, ఎదురుచెప్పి ఎరగదు.

ఆయన బూట్లతోనే హాల్లోకి నడిచి, కుర్చీలో కూలబడ్డాడు. అక్క గబగబా మంచినీళ్ళు తెచ్చింది.

"ఈయన పేరు నిలబెట్టు చెల్లీ," అంది వస్తూనే. "ఆటస్థలం గోడమీద ఈయన పేరు కూడా రాస్తారట."

"రాయాల్సిందే," అంది ఆమె.

పిచ్చుక బల్లకింద బోర్లా పడుకుని ఉంది. పిన్నిని చూసి లేవలేదు, నవ్వింది మాత్రం. ముందర రెండు కొయ్యముక్కలు ఒకదాని వెనుక ఒకటి పెట్టి నేలమీద తోస్తోంది.

"ఏంటమ్మా అది?"

"రైలు. ఇది ఎర్రపెట్టె, ఇది తెల్లపెట్టె. నాన్న వారానికో పెట్టె తెస్తాడు." పిల్ల తెల్లపెట్టెను నోట్లో పెట్టుకుని, రంగులేని కోసిన అంచును కొరుకుతూ, ఆ పళ్ళ మధ్యనుంచే అడిగింది, "నాన్నా, ఇవాళ్టి పెట్టె ఏది?"

"తర్వాతలేవే," అన్నాడు బావ.

నాన్న 'తర్వాత' అంటే ఏమిటో అయిదేళ్ళ పిల్లకు బాగా తెలుసు. బల్లకింద నుంచి పాక్కుంటూ వచ్చి, నాన్న చొక్కా జేబులో చేయి పెట్టి, బెత్తెడు కొయ్యముక్కను బయటికి లాగింది. ఎరుపు. కొత్తగా కోసిన అంచు ఇంకా తెల్లగా ఉంది. రెండో అంచు సందుల్లో బూడిదరంగు మట్టి.

ఆమెకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. ఎరుపు, తెలుపు, ఎరుపు. వారానికో బెత్తెడు. ఆమె నేలమీద కూర్చుని, మూడు ముక్కల్నీ వరసగా పేర్చి, సంచిలోంచి ఉక్కు టేపు తీసి కొలిచింది. జానెడు. మూరలో సరిగ్గా సగం.

"బావా, మూరకర్ర ఇప్పుడెంత ఉంది?"

"మూరకర్ర మూరే ఉంటుంది," అన్నాడాయన. నవ్వబోయాడు, సగంలో ఆగిపోయింది. "అడుగున నేల రాయిలా తగిలింది మరదలా. పలుగులు విరుగుతున్నాయి. ఆ లోతున ఏముంటుంది చెప్పు. పైన మంచి మట్టి పడితే ఎవడు చూస్తాడు?"

పైన పటారం, లోన లొటారం. ఆయన బతుకంతా ఇంతేనని ఆమెకు ఎప్పుడో తెలుసు. తెలిసి ఏం లాభం? రెండో వారం సంతకం పెట్టింది తను. మూడో వారం పెట్టింది తను. వీడి ఆటలు నా దగ్గర సాగవని విర్రవీగి, మొదటిరోజు కొలిచిన కొలతకే నాలుగు వారాలు టిక్కులు పెట్టిన గొప్ప తెలివిగలది తను. ఆ గదిలో ఒక్క మూర్ఖుడు కాదు, ఇద్దరున్నారు. అందులో ఒకరికి జీతం ఇస్తున్నదే కళ్ళు తెరిచి చూడమని.

ఇంతలో పిల్ల ఎర్రముక్కను నోటికి తీసుకెళ్ళింది. ఆమె లాక్కుంది. పిల్ల ఏడుపు అందుకుంది.

"ఏమైందే?" అని అక్క వంటగదిలోంచి వచ్చింది. "కొయ్యముక్కేగా. ఆయనకి ఏదీ పారేయడం ఇష్టం ఉండదు. పాపం, పిల్ల ఆడుకుంటుందని తెస్తారు."

ఆమె సంచిలోంచి పరికరం తీసింది. చూడటానికి పిస్తోలులా ఉంటుంది, మట్టి మీద ఆనించి నొక్కితే సీసం ఎంతుందో అంకె చూపిస్తుంది. ముందు కోసిన అంచుల మీద నొక్కింది. తర్వాత గుమ్మం దగ్గర రబ్బరు పట్ట మీద. తర్వాత బావ బూటు పక్కన నేలమీద. మనుషుల మీద పెట్టకూడదు కాబట్టి, తడిగుడ్డతో పిచ్చుక అరచేతులు తుడిచి ఆ గుడ్డమీద నొక్కింది. నాలుగుసార్లూ అంకె వచ్చింది. ఎక్కడా చిన్నది రాలేదు.

"ఏమిటది?" అంది అక్క.

"యార్డులో ఏది తవ్వి పారేస్తున్నామో అదే అక్కా. నీ పట్టమీద ఉంది. పిల్ల చేతుల మీద ఉంది. ఆ కడుపునొప్పి నులిపురుగులది కాకపోవచ్చు. రక్తపరీక్ష చేయించాలి, ఇవాళే."

"రంగులో ఉండి ఉంటుంది," అన్నాడు బావ. "చవక రంగు."

"రంగు లేనిచోటే చూశాను."

"పిల్ల నోట్లో పెట్టుకుంటుందని నాకేం తెలుసు?"

"అయిదేళ్ళ పిల్ల ఇంకెక్కడ పెట్టుకుంటుంది? రేపు ఆ ఆటస్థలంలో బడి పిల్లలు మాత్రం ఎక్కడ పెట్టుకుంటారు?"

ఆయన అక్క వైపు తిరిగాడు. పన్నెండేళ్ళుగా ఆ వైపు నుంచి ఎప్పుడూ సాయమే వచ్చింది. అక్క మాత్రం నేలమీది కొయ్యముక్కలను చూస్తోంది. వంగి వాటిని పమిటచెంగుతో పట్టి తీసి, ఒక సంచిలో వేసి మూతి ముడేసింది. తర్వాత ఆయన బూట్ల వైపు చూసింది, గుమ్మం నుంచి కుర్చీ దాకా పడిన అడుగుల వైపు చూసింది. ఆ అడుగులు రోజూ ఊడ్చేది ఆమే. ఊడుస్తుంటే పక్కనే కూర్చుని ఆడుకునేది పిచ్చుకే.

"నువ్వు మింగింది చాలలేదా?" అంది అక్క. "దానికి కూడా తినిపించావా?"

గొంతు పెంచలేదు. కానీ 'నువ్వు' అంది. బావ ఆ మాట సరిగ్గా వినపడనట్టు చూశాడు.

"బయటికి నడువు," అంది అక్క. "కుళాయి దగ్గర బూట్లు విప్పు. చొక్కా కూడా. కడుక్కునేదాకా గుమ్మం ఎక్కకు."

"వీధిలోవాళ్ళు చూస్తే..."

"చూడనీ."

ఆయన వెళ్ళాడు. ముప్పై ఏళ్ళు యార్డును ఏలిన మనిషి, చేతిలో చొక్కా పట్టుకుని మెట్లు దిగాడు. ఆమె బల్ల మీద పుస్తకం తెరిచింది. ఇవాళ్టి పేజీలో టిక్కులన్నీ కొట్టేసింది. రెండో వారం, మూడో వారం పేజీలు కూడా కొట్టేసి, కొలత తప్పిందనీ, తను చూసుకోలేదనీ, కాంట్రాక్టరు తన బావ అవుతాడనీ, ఆ గళ్ళన్నీ మళ్ళీ తవ్వాలనీ రాసి, కింద సంతకం పెట్టింది. దీనితో ల్యాబులో తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ల్యాబుకు ఫోన్ చేసి మంచి మట్టి లారీలు ఆపమంది. బావ కోరుకున్న ఎత్తుగీతి అయితే వచ్చింది, ఆయన అనుకున్న రాగంలో కాదు.

అక్క పిల్లను ఎత్తుకుంది. ముగ్గురూ ఆసుపత్రికి బయల్దేరారు. కుళాయి దగ్గర బావ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, స్టూలు మీద కూర్చుని పాదాలు రుద్దుకుంటున్నాడు. నీళ్ళు బూడిదరంగులో మెట్ల పక్కనుంచి పోతున్నాయి. వాళ్ళు దాటుతుంటే తలెత్తాడు.

"ఆ అంకె ఎక్కువేనా మరదలా? పిల్లల ఒంట్లో ఎంత ఉండొచ్చు?"

నాలుగు వారాలుగా ఆమె చూపిన అంకెల్లో ఒక్కదాన్ని కూడా ఆయన కన్నెత్తి చూడలేదు. నీ మూరతోనే కొలుచుకోమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్క భుజం మీద పిచ్చుక బొడ్డు పట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది.

"సున్నా, బావా," అంది ఆమె.

ఆయన సబ్బు తీసుకుని, కడిగిన పాదాన్నే మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు.