పన్నెండు సలహాలు

కరోనాతో వీధులన్నీ మూతపడి నలభై రోజులైంది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి దర్జీ మంచమెక్కింది. మొదట మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడానికని ఎక్కింది, తర్వాత దిగడమే తగ్గిపోయింది. జ్వరం లేదు, దగ్గు లేదు. లేచి ముఖం కడుక్కోవడమే కొండంత పనిగా ఉంది. రోజూ సాయంత్రం అక్క ఫోన్ చేసి "తిన్నావా?" అంటుంది. ఈవిడ "తిన్నానక్కా" అంటుంది. అబద్ధానికి పొయ్యి వెలిగించే పని లేదు కదా!

"లేవాలనిపించడం లేదు" అని ఫోన్లో వెతికితే ఆ గ్రూపు దొరికింది. పదిహేడుమంది, ఒకరికొకరు ముక్కూ మొహం తెలియనివాళ్లు. పేరు అక్కర్లేదు, చేసే పని చెబితే చాలు. నడిపేది రిటైరైన టీచరమ్మ. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. ఎవరేం చెప్పుకున్నా "విన్నాను" అనాలి, సలహా ఇవ్వకూడదు.

ఇది దర్జీకి మింగుడుపడలేదు. ఇరవై ఏళ్లుగా ఆమె గడప తొక్కినవాళ్లంతా బిగుతైందనో వదులైందనో చెప్పుకున్నవాళ్లే. విని ఊరుకుంటే రెండోసారి ఎవరొస్తారు?

ఒకరోజు బస్సు కండక్టరు రాశాడు. "బస్సులు ఆగాక నా గొంతు నేనే మర్చిపోయా. ఇవాళ గోడని చూసి టికెట్ టికెట్ అని అరిచా. భయమేసింది."

పదిహేనుమంది విన్నామన్నారు. దర్జీ చెయ్యి ఊరుకుంటేనా? తెల్లారకముందే లేవండి, చన్నీళ్లు పోసుకోండి, అద్దంలో చూసి నవ్వండి, మీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లని తలుచుకోండి... ఏకంగా పన్నెండు సలహాలు రాసిపారేసింది. అందులో ఒక్కటైనా తాను చేసిన పాపాన పోలేదు. అన్నీ మంచం మీద పడుకునే రాసింది.

ఆ తర్వాత కండక్టరు ఉలుకూ లేదు, పలుకూ లేదు. మూడోరోజు టీచరమ్మ విడిగా మెసేజ్ పెట్టింది. "ఆయన ఫోన్ ఆపేసి ఉందమ్మా. నాకు భయంగా ఉంది." అంతే, ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది దర్జీకి. ఆ మనిషి ఏమైనా చేసుకుంటే?

తప్పు పడ్డ కుట్టు మీద ఇంకో కుట్టు వేస్తే గుడ్డ పాడవుతుంది, ముందు విప్పాలి. పన్నెండు సలహాలూ తుడిచేసి, ఆ చోట నిజం రాసింది. "నేను స్నానం చేసి పదకొండు రోజులైంది. మీకు చెప్పినవేవీ నావల్ల కాలేదు. మా అక్కకి రోజూ అబద్ధం చెబుతున్నాను. మీరు బాగుండక్కర్లేదు. ఉన్నానని చెప్పండి, చాలు."

పదిహేను "విన్నాను"లు వచ్చాయి. రావాల్సింది రాలేదు. ఆమె ఫోన్ గుండెల మీద పెట్టుకుని పడుకుంది.

మర్నాడు సాయంత్రం వచ్చింది. "విన్నాను. మీ లిస్టు చూసి, ఇన్ని చేతకానివాణ్ణి నాకెందుకీ బతుకనిపించింది. అందుకే ఫోన్ ఆపేశా. ఇప్పుడే తెరిచా. చన్నీళ్లు నేనూ ముట్టలేదు లెండి."

దర్జీ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు మధ్యలోనే అక్క ఫోన్.

"తిన్నావా?"

"లేదక్కా. నిన్న కూడా తినలేదు."

"అయ్యో, అదేంటే! ముందు లేచి నాలుగు మెతుకులు..."

"అక్కా, ఏం చెయ్యాలో చెప్పకు. కాసేపు విను, అంతే."

పుట్టి బుద్ధెరిగాక అక్క తన మాట తానే మధ్యలో ఆపుకోవడం దర్జీ ఎన్నడూ చూడలేదు. అవతల కుర్చీ లాగిన చప్పుడైంది.

"కూర్చున్నానే. చెప్పు."