కుండలో అత్తగారి మాట

ఊరంతా పిన్ని అని పిలిచే ఆవిడ పొద్దున్నే పెరుగు దుకాణం తలుపులు తీసి, మొదటి కుండలో గరిటె దించగానే అత్తగారు అడిగేది, "మూత సరిగ్గా పెట్టావా?" అని.

అత్తగారు పోయి చాలా ఏళ్లయింది. తోడు మాత్రం ఆవిడదే. ఆవిడ చేతి పెరుగులోంచి ఒక చెంచా మర్నాటి పాలలోకి, అందులోంచి ఇంకో చెంచా ఆ మర్నాటి పాలలోకి, అలా వస్తూనే ఉంది. తోడుతో పాటు ఆవిడ గొంతూ వచ్చేది. తోడు కలిపేటప్పుడు దగ్గరున్నవాళ్లు ఏమన్నా కూడా పెరుగు పట్టుకుని, మర్నాడు మొదటి గరిటెకి అప్పజెప్పేది. అందుకే ఆ వీధిలో మొగుడూ పెళ్లాలు ఎంత తిట్టుకున్నా పాలు తోడు పెట్టే వేళకి నోరు కట్టేసుకునేవారు.

"పెట్టానత్తయ్యా," అని పిన్ని రోజూ గొణిగేది. బతికున్నన్నాళ్లూ సాధించింది చాలలేదా అని పైకే అనేది. పెరుగు కొనడానికి వచ్చినవాళ్లు గిన్నె చాపుతూ, పెద్దావిడ ఇవాళ ఏమంటోందని అడిగేవారు. పిన్ని భర్త బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. అమ్మ మీద బెంగ పుట్టిన రోజున ఆయనే వచ్చి మొదటి గరిటె దించేవాడు. ఆయన దించితే మాత్రం ఆవిడ "తిన్నావా నాన్నా," అనేది. అది విన్నప్పుడల్లా పిన్నికి ఒళ్లు మండేది.

ఊళ్లో కొత్త కాపురం పెట్టిన ప్రతి అమ్మాయీ ఖాళీ గిన్నెతో పిన్ని దగ్గరికే వచ్చేది. పెరుగు అమ్మేవారు గానీ తోడు ఊరికే ఇచ్చేవారు. ఊరి మధ్య వంతెనకి ఇవతలివాళ్లూ అవతలివాళ్లూ అందరూ ఇక్కడినుంచే పట్టుకెళ్లేవారు. ఎవరింట్లో తోడు పాడైనా పక్కింటి తలుపు తట్టేవారు. అలా ఊళ్లో సగం వంటిళ్లలో అత్తగారు మూతల సంగతి అడుగుతూ ఉండేది. ఆ రోజులు ఎంత బాగుండేవో అప్పుడు పిన్నికి తెలియలేదు.

తర్వాత ఊరికి పిచ్చెక్కింది. వంతెన అవతలివాళ్లు మొదలెట్టారని ఇవతల, ఇవతలివాళ్లు మొదలెట్టారని అవతల చెప్పుకున్నారు. ముందు రాళ్లు పడ్డాయి, తర్వాత దుకాణాలు తగలబడ్డాయి. కండక్టరు ఎన్నో ఏళ్లు టికెట్లు కొట్టిన రూటు బస్సుని వంతెన మధ్యలో కాల్చేశారు. ఒక్క తమ ఊరే కాదు, రేడియో పెడితే ప్రతి ఊరూ ఇలాగే ఉంది. తోడు కోసం పక్కింటి తలుపు తట్టడం మానేశారు. అవతలి తోడు మాకొద్దని కొందరు, ఇవతలి తోడు మాకొద్దని కొందరు ఉన్నదాన్ని కాస్తా తూములో పారబోశారు.

ఒక మధ్యాహ్నం గుంపు పిన్ని దుకాణం మీదికే వచ్చింది. మొగుడూ పెళ్లాం వెనక గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నారు. ముందు కుండలు ఒకటొకటే పగులుతున్నాయి. పగిలిన ప్రతి కుండా అత్తగారి గొంతుతో ఏదో ఒక మాట అంటోంది. ఆఖరి కుండ కాస్త పెద్ద మాటే అంది. కేకల్లో అది పిన్నికి వినపడలేదు. ఆ తర్వాత గుంపు ఎందుకో చప్పున వెళ్లిపోయింది.

ఊరి చివరి పాలకేంద్రం నుంచి వేరే తోడు తెచ్చి వేసింది పిన్ని. పెరుగు గట్టిగా, తియ్యగా తోడుకుంది. గరిటె దించితే మాత్రం మాట లేదు. మరోసారి దించి, కుండ అంచుకి చెవి పెట్టి విన్నది. సాధిస్తుందనుకున్న మనిషి ఇన్నాళ్లూ తనకి ఎంత తోడుందో అప్పుడు తెలిసి, గరిటె పట్టుకునే ఏడ్చింది.

"ఇది ఆఖరి స్టాపే," అన్నాడు కండక్టరు. "పాలు విరిగాక ఎంత కాచినా ఏం లాభం? దిగిపోదాం."

"విరిగాయో తోడుకుంటున్నాయో అప్పుడే ఎలా తెలుస్తుందండీ? రెండిట్లోనూ ముందు పాలు పాలలా ఉండవు. కదపకుండా ఆగి చూడమనేది మీ అమ్మ."

"ఆగమనడానికి అమ్మ ఏది?"

ఆడపడుచు ఊరికి వెళ్లిపోవడానికి లారీ మాట్లాడారు.

లారీ వచ్చిన పొద్దున సామాన్లు ఎక్కిస్తుంటే, గుడ్డ కప్పిన గిన్నెతో ఒకావిడ వచ్చింది. వంతెన అవతల ఉండే వెల్డరు తల్లి. కొత్త కోడలిగా ఈ గడప దగ్గరే తోడు పట్టుకెళ్లిన మనిషి. ఎదుటి అరుగు దగ్గర ఆవిడ కొడుకు నిలబడ్డాడు, కుడిచేతికి కట్టుతో. ఇవతలికి రాలేదు.

"పిన్నీ, మీ తోడు మా ఇంట్లో ఇంకా ఉంది. వాడు ఎంత అరిచినా నేను పారబొయ్యలేదు," అంది. తర్వాత నేల చూస్తూ, "ఆ రోజు మావాడూ ఇక్కడే ఉన్నాడు. ఆ మాట చెప్పకుండా ఇది నీ చేతికివ్వలేను."

పిన్ని ఆ గిన్నెని వెనక్కి నెట్టింది. గిన్నె తీసుకుని వెళ్లిపొమ్మంది. కళ్లముందు ఉండొద్దంది. వాడు పగలగొట్టింది కుండలనుకుంటున్నావా అని నిలదీసింది. ఆవిడ ఒక్క మాటా ఎదురు చెప్పకుండా గిన్నె బల్ల మీద పెట్టి, గడప దిగి కొడుకు పక్కన నిలబడింది.

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. పిన్ని చాలాసేపు ఆ గిన్నెకేసి చూసింది. చివరికి గుడ్డ తీసి చెంచా దించింది.

ముందు వెల్డరు గొంతు వినిపించింది. తల్లి తోడు కలుపుతుంటే పక్కన ఏడుస్తూ చెప్తున్నాడు. "అమ్మా, ఆఖరి కుండ నేనే కొట్టాను. అది నన్ను తిట్టలేదే. 'చెయ్యి తెగుతుంది నాయనా, పెంకులు చూసుకో,' అంది. తెగనే తెగింది. అందరం పారిపోయాం."

దాని వెనకే మామూలుగా, ఎప్పటి గొంతుతో అత్తగారు అడిగింది, "మూత సరిగ్గా పెట్టావా?"

కండక్టరు లారీ దగ్గరినుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. కోపం పోలేదు పిన్నికి, పోతుందని కూడా అనుకోలేదు. అయినా గడప దాకా వెళ్లి ఎదుటి అరుగుకేసి పిలిచింది.

"లోపలికి రా. మూలల్లో ఇంకా పెంకులున్నాయి, ఏరాలి. ఎడంచేత్తో ఏరు."

కండక్టరు డ్రైవరు దగ్గరికి వెళ్లి, "ఆఖరి స్టాపులోనే కదయ్యా బండి వెనక్కి తిప్పేది," అని సామాన్లు దింపించాడు.

ఆ సాయంత్రం పిన్ని పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, తోడు కలిపింది. నలుగురూ చుట్టూ ఉన్నారు గానీ ఎవరికీ మాట రాలేదు. ఏం మాట్లాడినా కుండ పట్టుకుంటుంది కదా. పిన్ని మూత వెల్డరు చేతికిచ్చింది. వాడు దాన్ని కుండ మీద, చప్పుడు కాకుండా, పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు పెట్టాడు.

పొద్దున మొదటి గరిటె దించితే అత్తగారు వెంటనే మాట్లాడలేదు.

"మూత ఎవరు పెట్టారు?" అంది అత్తగారు. "బాగా పెట్టారు."

"ఇన్నేళ్లుగా పెడుతున్నాను, ఒక్కనాడైనా నన్ను ఆ మాటన్నావా అత్తయ్యా?" అంటూ కళ్లు తుడుచుకుని, పిన్ని వీధి తలుపు తెరిచింది. బయట అప్పుడే ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు, ఖాళీ గిన్నెలతో, వంతెనకి రెండు వైపులవాళ్లూ.