కుడిచేతి చిటికె

మైకు అందుకున్న ప్రతి ఒక్కరూ "రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను" అనే మొదలుపెడుతున్నారు. ఎవరూ కూర్చోవడం లేదు.

మెడికల్ కాలేజీ ఆడిటోరియం కిటకిటలాడుతోంది. జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్‌కి వీడ్కోలు సభ. ఆయనతోపాటు మరో ముగ్గురు సీనియర్ అధ్యాపకులకూ సన్మానం. ఒక్కో జ్ఞాపికకూ ఒక్కో ఉపన్యాసం. పక్క హాల్లో వడ్డనకు సిద్ధంగా పెట్టిన భోజనం చల్లారిపోతోంది.

ముందు వరసలో కూర్చున్న ప్రొఫెసర్ భార్య పక్కనున్న యువ డాక్టర్ చెవిలో గొణిగింది. "మీ సారు భోజనం పెట్టేస్తారనుకుని ఎప్పుడో ఇన్సులిన్ పొడిచేసుకున్నారమ్మా. వీళ్ళేమో మైకు వదిలేలా లేరు."

"బిస్కెట్ అయినా తినమనండి మేడమ్."

"తింటారా? స్టేజీ మీద నోరాడిస్తే బాగుండదట. రోగులకైతే గంటసేపు క్లాసు పీకుతారు."

యువ డాక్టర్ నవ్వింది. ఒకప్పుడు ఆయన శిష్యురాలు, ఇప్పుడు ఆయన విభాగంలోనే అసిస్టెంట్ ప్రొఫెసర్. కాలేజీలో ఆమె అసలు పేరు చాలామంది మర్చిపోయారు. అందరికీ ఆమె 'స్ట్రెచరమ్మ'.

ఆ పేరు వెనక కథ ఉంది. ప్రొఫెసర్ జబ్బుల్ని నటించి పాఠం చెబుతారు. ముందుగా చెప్పరు. మాట్లాడుతూ మాట్లాడుతూ కాలు ఈడుస్తారు, మూతి వంకర తిప్పుతారు. జబ్బేమిటో విద్యార్థులు చెప్పాలి. సరిగ్గా చెబితే కుడిచేత్తో టక్కున చిటికె వేసి నిటారుగా నిలబడతారు. చిటికె పడేదాకా ఎవరూ బెంచీ దిగకూడదు. అదీ రూలు. సెకండియర్లో ఆయన పక్షవాతం నటిస్తే, ఈమె నిజమనుకుని "స్ట్రెచర్! స్ట్రెచర్!" అంటూ కారిడార్లోకి పరుగెత్తింది. ఇద్దరు వార్డు సిబ్బందిని వెంటబెట్టుకుని వచ్చేసరికి క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. చిటికె వేసి ఆయనా నవ్వారు.

ఎట్టకేలకు ప్రొఫెసర్ వంతు వచ్చింది. లేచి మైకు పట్టుకున్నారు.

"ఇన్నేళ్ళూ మీరంతా నన్ను... భరిం... భరిచి..."

మాట ముద్దయింది. చేతిలోని మైకు జారి బల్లమీద పడింది. మూతి ఒక పక్కకి లాగేసింది. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

"అదిగో, మొదలెట్టేశారు!" వెనక వరసలోంచి ఒక సర్జన్ కేక వేశాడు. "ఆఖరి రోజు కూడా మనకి పరీక్షే!"

"పక్షవాతం సార్!"

"అది మా పిల్లలూ చెబుతారు! మెదడులో ఎటువైపో చెప్పండి!"

ప్రిన్సిపాల్ మైకు తీసుకున్నారు. "ఎడమవైపు, సార్! చిటికె వేసేయండి, ఆకలి దంచేస్తోంది!"

నవ్వులు. యువ డాక్టర్ కూడా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

కుడిచెయ్యి. మెదడు ఎడమవైపు దెబ్బతింటే పడిపోయేది కుడిపక్క. వేలాడుతున్నదీ కుడిచెయ్యే.

ఆయన ఎప్పుడు పక్షవాతం నటించినా ఎడమచేతినే చచ్చుపడనిచ్చేవారు. కుడిచెయ్యి చిటికెకు కావాలి.

ఆయన ఇన్సులిన్ వేసుకుని చాలాసేపైంది. ఏమీ తినలేదు. షుగర్ పడిపోతే అచ్చం పక్షవాతంలాగే కనిపించవచ్చని, ఆలస్యమైతే మెదడు మిగలదని చెప్పింది ఆయనే.

పక్కకు చూసింది. ఆయన భార్య మురిసిపోతూ ఫోన్‌లో వీడియో తీస్తోంది. "ఇంట్లోనూ ఇంతేనమ్మా. మొన్న మందుల షాపతన్ని హడలగొట్టారు."

పొరపాటైతే? ఆయన ఆఖరి ఆట పాడుచేసినట్టవుతుంది. రిటైరయ్యేదాకా స్ట్రెచరమ్మే. అయినా లేచింది.

"ఏయ్ స్ట్రెచరమ్మా, కూర్చో!" సర్జన్ అరిచాడు. "రూలు మర్చిపోయావా?"

హాలంతా గొల్లుమంది. ఆమె దాదాపు కూర్చోబోయింది. అప్పుడు ఆయన కళ్ళు ఆమె వైపు తిరిగాయి. నటించేటప్పుడు ఒళ్ళంతా రోగిదైనా ఆ కళ్ళు మాత్రం మాస్టారివే. ఎవడు జవాబు చెబుతాడా అని వెతుకుతుండేవి. ఇప్పుడవి ఆమెను దాటి ఎటో చూస్తున్నాయి. ఎవరినీ గుర్తుపట్టడం లేదు.

స్టేజీ మీదకి పరుగెత్తింది. ఆయన మెడ మీద చెయ్యి వేసింది. ఐసులా చల్లగా ఉంది. కాలరు చెమటతో తడిసి ముద్దయింది. చెమటని ఎవరు నటించగలరు?

ప్రిన్సిపాల్ చేతిలోంచి మైకు లాక్కుంది. "నటన కాదు! షుగర్ పడిపోయింది! గ్లూకోజ్ తెండి!"

ఇంకా నవ్వుతూనే ఉన్నారు. హాలు నిండా డాక్టర్లు. ఒక్కరూ లేవడం లేదు. 

"బాగుందమ్మా, నువ్వూ నేర్చేసుకున్నావే!" అన్నారు ప్రిన్సిపాల్.

ప్రొఫెసర్ కుర్చీలోంచి కిందికి జారారు. ఒళ్ళంతా ఎగిరెగిరి పడసాగింది.

నవ్వు తెగిపోయింది. ఆయన భార్య చేతిలోని ఫోన్ నేలమీద పడింది.

ముందుగా కదిలింది సర్జనే. కారిడార్ చివర ఉన్న క్యాజువాలిటీకి పరుగెత్తాడు. ఎవరో ఆయన భార్య బ్యాగులోంచి షుగర్ మీటర్ తీసి ఆయన వేలికి గుచ్చారు. ఇరవై ఆరు. డెబ్భైకి తగ్గకూడదు.

సర్జన్ గ్లూకోజ్‌తో వచ్చేసరికి ఫిట్స్ ఆగాయి గానీ, ఆయన పిలిస్తే పలకడం లేదు. ఆమె సూది తీసుకుంది. నరం దొరకలేదు. మళ్ళీ ప్రయత్నించింది. జారిపోయింది.

"మీరు వెయ్యండి సార్. నా చేతులు వణికిపోతున్నాయి."

"నావి ఇంకా ఎక్కువ వణుకుతున్నాయి," అన్నాడు సర్జన్ లోగొంతుకతో. "చెయ్యి నేను కదలకుండా పట్టుకుంటా. కానియ్."

ఈసారి రక్తం కనిపించింది. గ్లూకోజ్ లోపలికి వెళ్ళింది. ఇక చెయ్యగలిగిందేమీ లేదు. భార్య ఆయన పాదాలు పట్టుకుని రుద్దుతోంది. "ఏవండీ, చాలండీ. ఇక ఆపండీ." అది ఇంకా నటనే అయితే బాగుండునని ఆమె ఆశ.

ఆలస్యం చేశానా? నవ్వుతూ కూర్చున్న ఆ కాసేపే ప్రాణం తీసిందా? యువ డాక్టర్ ఆయన మొహం మీంచి చూపు తిప్పలేదు.

ముందు మూతి సర్దుకుంది. తర్వాత రెప్పలు కదిలాయి. కళ్ళు తెరుచుకుని ఒక్కొక్క మొహం మీదా ఆగుతూ ఆమె దగ్గరికి వచ్చాయి. వెతుకుతున్నాయి. మాస్టారి కళ్ళే.

"డయాగ్నసిస్... ఏమిటి?" మాట ముద్దగానే ఉంది.

"హైపోగ్లైసీమియా సార్."

కుడిచెయ్యి నేలమీద కదిలింది. బొటనవేలు మధ్యవేలిని తాకి జారిపోయింది. చప్పుడు రాలేదు.

"మళ్ళీ వెయ్యండి సార్," ఆమె బతిమాలింది. "ఒక్కసారి."

వేళ్ళు మళ్ళీ కలిశాయి. పక్కనున్నవాళ్ళకి మాత్రమే వినిపించేంత చిన్న చప్పుడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రిన్సిపాల్ అప్పటికే కారిడార్లోకి పరుగెత్తుతూ గొంతు చించుకుంటున్నారు.

"స్ట్రెచర్! స్ట్రెచర్!"